ఎక్కువైన చావుల లెక్క: ఇద్దరి పనితనం

2021 మే 31న పెరూ ప్రభుత్వం తన కోవిడ్ మృతుల సంఖ్యను సవరించింది. అంతవరకు చెబుతూ వచ్చింది 69,342. సవరించాక 1,80,764. ఆ ఒక్కరోజులో లక్ష మంది పోలేదు. నెలల తరబడి పోయినవాళ్ళే అప్పుడు లెక్కలోకి వచ్చారు. దాంతో జనాభాను బట్టి చూస్తే ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ నష్టపోయిన దేశం పెరూ అని తేలింది. ముందురోజు దాకా టీవీల్లో, పేపర్లలో వచ్చిన పట్టికలను పట్టుకుని ఏ దేశం కరోనాను బాగా ఎదుర్కొంది, ఏది చేతులెత్తేసింది అని తీర్పులు చెప్పినవాళ్ళు ఆ తీర్పులన్నీ మళ్ళీ రాసుకోవలసి వచ్చింది.

ఈ సవరణకు ఆశ్చర్యపోనివాళ్ళు కొందరున్నారు. పెరూలో అన్ని కారణాల వల్లా పోయినవాళ్ళ మొత్తం సంఖ్యను వాళ్ళు అంతకు చాలా ముందు నుంచే గమనిస్తున్నారు. వాళ్ళలో ఇద్దరు కలిసి చేసిన ఒక పని గురించి ఇక్కడ రాస్తున్నాను. ఏరియల్ కార్లిన్‌స్కీ అప్పట్లో జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీలో ఆర్థికశాస్త్ర పరిశోధక విద్యార్థి. దిమిత్రీ కోబాక్ జర్మనీలోని ట్యూబింగెన్ యూనివర్సిటీలో జీవశాస్త్ర డేటాతో పనిచేసే పరిశోధకుడు. ఇద్దరూ వైద్యులు కారు. ఏ అంతర్జాతీయ సంస్థా వాళ్ళకు ఈ పని అప్పగించలేదు. 103 దేశాలు, ప్రాంతాల మరణాల లెక్కలను ఒకచోట చేర్చి, 'వరల్డ్ మోర్టాలిటీ డేటాసెట్' అని పేరు పెట్టి, ఎవరైనా దించుకునేలా తెరిచి ఉంచారు. దాని మీద వాళ్ళు రాసిన పరిశోధన పత్రం 2021 జూన్‌లో 'ఈలైఫ్' పత్రికలో వచ్చింది. కరోనా కాలంలో డేటా సైన్స్ పేరుతో ఎన్నో గ్రాఫులు, ఎన్నో మోడళ్ళు చూశాం. వాటిలో నేను మళ్ళీ మళ్ళీ తెరిచి చదువుకున్నది ఈ పత్రాన్నే.

వాళ్ళు పట్టుకున్న సమస్య మనందరికీ అనుభవమైనదే. ఒక రాష్ట్రంలో కేసులు ఎక్కువ అంటే రోగం ఎక్కువని అర్థమా, పరీక్షలు ఎక్కువని అర్థమా? ఒక జిల్లాలో కోవిడ్ మరణాలు తక్కువ అంటే మనుషులు తక్కువగా పోయారనా, లేక పాజిటివ్ రిపోర్టు చేతికి రాకముందే పోయినవాళ్ళను గుండెపోటు కింద, షుగర్ కింద రాశారనా? ఆక్సిజన్ మంచం దొరక్క ఇంటికి తిరిగొచ్చి మంచంలోనే కన్నుమూసిన మనిషి ఏ బులెటిన్‌లోనూ కనిపించడు. అలాంటి లెక్కలతో రెండు ప్రాంతాలను పోల్చి ఇది మెరుగు, అది అధ్వానం అంటే, ఎవరు బాగా లెక్కపెట్టారో వాళ్ళకే చెడ్డపేరు వస్తుంది. పరీక్షలు చేయకుండా కూర్చున్న ప్రభుత్వం ఆదర్శంగా కనిపిస్తుంది.

దీనికి విరుగుడు పాతదే. లండన్‌లో 1847లో ఇన్‌ఫ్లూయెంజా వచ్చినప్పుడు విలియం ఫార్ అనే గణాంకవేత్త, డాక్టర్లు కారణం ఏమని రాశారన్నది పక్కనపెట్టి, మామూలు కన్నా ఎంతమంది ఎక్కువగా పోయారని అడిగాడు. కారణం దగ్గర తేడా రావచ్చు, దాచడం జరగవచ్చు. మనిషి పోయాడా లేదా అన్న దగ్గర వాదం తక్కువ. మామూలు రోజుల్లో ఇన్ని చావులు ఉండేవి, ఇప్పుడు ఇన్ని జరిగాయి, మధ్య తేడా ఇంత. దీన్నే ఇప్పుడు అదనపు మరణాలు అంటున్నాం. 2020లో ఈ ఊహ అందరికీ తెలుసు. కానీ దాన్ని వాడడానికి కావలసిన సంఖ్యలు ఒకచోట లేవు. ఐరోపా దేశాలవి, ఇంకొన్ని ధనిక దేశాలవి ఉన్నాయి. మిగతా ప్రపంచానిది లేదు.

ఇక్కడే కార్లిన్‌స్కీ, కోబాక్ చేసిన చాకిరీ మొదలవుతుంది. చాకిరీ అనే అంటాను, ఎందుకంటే ఇందులో తెలివి కన్నా ఓపిక ఎక్కువ. దేశానికో గణాంక శాఖ, శాఖకో వెబ్‌సైటు, సైటుకో భాష. ఒకచోట వారం వారం లెక్క, ఒకచోట నెలనెలా, ఇంకొన్నిచోట్ల మూడు నెలలకోసారి. ఒకరు ఎక్సెల్‌లో ఇస్తారు, ఇంకొకరు పీడీఎఫ్‌లో. సైటులో దొరకకపోతే ఆ శాఖకే ఈమెయిల్ రాసి అడగడం. వచ్చిన సంఖ్యలో చివరి వారాలు ఇంకా పూర్తిగా నమోదు కాలేదేమో చూసుకోవడం. నమోదు వ్యవస్థ అరకొరగా ఉన్న దేశాలైతే దానికి తగిన సవరణ చేసి, చేశామని చెప్పడం. పత్రం అచ్చయిన తర్వాత కూడా ఈ పని ఆపలేదు, పట్టికను తాజా చేస్తూ పోయారు. దాని మీద ఆధారపడినవాళ్ళలో 'ఎకానమిస్ట్' పత్రిక ఉంది, 'అవర్ వరల్డ్ ఇన్ డేటా' ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మరణాల అంచనాకు ఏర్పాటు చేసిన సాంకేతిక సలహా బృందంలోకి కార్లిన్‌స్కీని తీసుకున్నారు.

ఇక అసలు పనితనం. అదనపు మరణాలు లెక్కించాలంటే, మహమ్మారి రాకపోయి ఉంటే ఎంతమంది పోయేవాళ్ళు అన్నది ముందు తెలియాలి. అది ఎవరికీ తెలియదు, ఊహించాలి. చాలామంది చేసిన పని 2015 నుంచి 2019 దాకా ఐదేళ్ళ సగటు తీసుకోవడం. తేలిక, అందరికీ అర్థమవుతుంది. అందులో లోపం ఎక్కడుందో రష్యా సంఖ్యలతోనే చూద్దాం. రష్యాలో 2015లో సుమారు 19.1 లక్షల మంది పోయారు. తర్వాతి ఏళ్ళలో 18.9, 18.3, 18.3, 2019లో 18 లక్షలు. 2020లో 21.4 లక్షలు. ఐదేళ్ళ సగటు 18.5 లక్షలు. తీసేస్తే అదనం 2.9 లక్షలు.

కానీ ఆ ఐదు సంఖ్యలను మళ్ళీ చూడండి, మొత్తం మీద దిగుతూ వస్తున్నాయి. ఏడాదికి దాదాపు 28 వేల చొప్పున చావులు తగ్గుతున్న దేశంలో 2020లో 18.5 లక్షలు ఎందుకు అనుకోవాలి? ఆ వాలు అలాగే సాగి ఉంటే 17.7 లక్షల దగ్గర ఉండాలి. అప్పుడు అదనం 3.7 లక్షలు. గీత గీసే పద్ధతి ఒక్కటి మారితే 80 వేల మంది లెక్కలోకి వస్తున్నారు, లేదా లెక్కలోంచి జారిపోతున్నారు. జనాభాలో ముసలివాళ్ళ సంఖ్య ఏటా పెరుగుతున్న దక్షిణ కొరియాలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ఏటేటా చావులు సహజంగానే పెరుగుతుంటాయి కనుక, సగటుతో పోలిస్తే లేని అదనం ఉన్నట్టు కనిపిస్తుంది.

కార్లిన్‌స్కీ, కోబాక్ వాడినది ఈ వాలునే. ప్రతి వారానికీ, నెలల లెక్క ఇచ్చే దేశాలకు ప్రతి నెలకూ, ఒక స్థాయి. చలికాలంలో చావులు ఎక్కువ, వేసవిలో తక్కువ, ఆ తేడా ఇందులో వస్తుంది. దాని మీద అన్ని వారాలకూ ఉమ్మడిగా ఏడాదికింత అన్న పెరుగుదల లేదా తగ్గుదల. అంతే. డిగ్రీ స్థాయి స్టాటిస్టిక్స్ చదివిన పిల్లలకు అర్థమయ్యే లీనియర్ రిగ్రెషన్. ఇంతకన్నా ఘనమైన పద్ధతులు వాళ్ళకు తెలియక కాదు. వాటితోనే కోబాక్ రోజూ పనిచేస్తాడు. నూరు దేశాలకు ఒకే కొలత వేయాలి, ఎవరైనా కూర్చుని తిరిగి లెక్కగట్టి సరిచూసుకోగలగాలి, వాదన వస్తే ఎక్కడ వచ్చిందో వేలు పెట్టి చూపగలగాలి. దానికి ఈ సాదాతనమే తగినదని ఎంచుకున్నారు. మనకెంత తెలుసో చూపించుకోవాలన్న కోరికను ఆపుకోవడం పరిశోధకుడికి చిన్న విషయం కాదు.

ఆ ఎంపిక ఎంత సరైనదో ఏడాది తర్వాత తెలిసింది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అంచనాలు ప్రకటించింది. 2020, 2021 రెండేళ్ళలో ప్రపంచవ్యాప్తంగా 1.49 కోట్ల అదనపు మరణాలు. వివిధ ప్రభుత్వాలు ఒప్పుకున్నవి 54 లక్షలే. అందులో జర్మనీకి 1,95,000 అని వచ్చింది. జర్మన్ గణాంకవేత్తలు ఇది కుదరదన్నారు. చూస్తే, మామూలు మరణాల గీత కోసం ఆ సంస్థ బృందం వాడినది వంపులు తిరిగే స్ప్లైన్ పద్ధతి. 2019లో జర్మనీలో చావులు కొంచెం తగ్గాయి. స్ప్లైన్ ఆ చివరి వంపునే పట్టుకుని ముందుకు సాగదీసింది. ఆశించిన మరణాలు మరీ కిందికి పోయాయి, అదనం పైకి లేచింది. సరిచేశాక జర్మనీ సంఖ్య 1,22,000కు దిగింది. స్వీడన్‌ది 11,300 నుంచి 13,400కు పెరిగింది. ఆ బృందానికి నాయకత్వం వహించిన జాన్ వేక్‌ఫీల్డ్ తప్పును బహిరంగంగా ఒప్పుకుని దిద్దారు. అది మెచ్చుకోవలసిన సంగతే. కానీ ఈలోగా, లాక్‌డౌన్ పెట్టిన జర్మనీ కన్నా పెట్టని స్వీడనే మేలన్న మాట పాత సంఖ్యలతో ఎన్ని చోట్లకు పాకి ఉంటుందో ఊహించుకోవచ్చు.

స్వీడన్ పేరు వచ్చింది కనుక ఒక మాట. ప్రాంతాల పోలికలో పక్కన ఎవరిని కూర్చోబెడతామన్నదే సగం తీర్పు. 2020లో స్వీడన్‌ను నార్వే, ఫిన్లాండ్, డెన్మార్క్‌ల పక్కన పెడితే చాలా చెడ్డగా కనిపిస్తుంది. స్పెయిన్, బ్రిటన్‌ల పక్కన పెడితే పరవాలేదనిపిస్తుంది. రెండూ నిజమైన సంఖ్యలే. ఏది కావాలో ముందే నిర్ణయించుకున్నవాడు తనకు తగిన పక్కవాణ్ణి ఎంచుకుంటాడు. కార్లిన్‌స్కీ, కోబాక్ అలా ఎంచుకోలేదు. దొరికిన దేశాలన్నింటినీ పెట్టారు. పెట్టి, ఒక్కో దేశానికి కొలతను ఒక్క రకంగా కాక రకరకాలుగా చూపారు: అదనపు మరణాల మొత్తం, లక్ష జనాభాకు ఎంత, ఆ దేశంలో ఏడాదికి మామూలుగా జరిగే మరణాల్లో ఎంత శాతం.

ఇదేదో లాంఛనం కాదు. ముసలివాళ్ళు ఎక్కువున్న బల్గేరియాలో లక్షకు ఇంత అన్న లెక్క పెద్దదిగా కనిపిస్తుంది. కుర్రవాళ్ళు ఎక్కువున్న ఈక్వెడార్‌లో మామూలు చావులే తక్కువ కనుక శాతం పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే వాళ్ళ పత్రంలో రెండు జాబితాలు రెండు రకాలుగా ఉన్నాయి. ఏటా జరిగే మరణాల మీద 50 శాతానికి మించి అదనంగా పోయిన దేశాలు పెరూ, ఈక్వెడార్, బొలీవియా, మెక్సికో. లక్ష మందికి 400 మించినవి పెరూ, బల్గేరియా, ఉత్తర మాసిడోనియా, సెర్బియా. రెండింటిలోనూ ఉన్నది పెరూ ఒక్కటే. ఒకే జాబితా ఇచ్చి ఉంటే పేపర్లకు శీర్షిక పెట్టడం తేలికయ్యేది, కొన్ని దేశాలకు అన్యాయం జరిగేది.

అదనపు మరణాలన్నీ కోవిడ్ మరణాలేనా అన్న ప్రశ్నను వాళ్ళు దాటవేయలేదు. ఆ మొత్తాన్ని భాగాలుగా విడదీశారు. కోవిడ్ నేరుగా చంపినవి. ఆస్పత్రులు నిండిపోయి వేరే రోగాలకు వైద్యం అందక పోయినవి. ఇతర రోగాల్లో వచ్చిన మార్పు, అంటే జనం ఇళ్ళలో ఉండడం వల్ల ఫ్లూ తగ్గడం లాంటిది. ప్రమాదాల్లో వచ్చిన మార్పు. చివరగా యుద్ధాలు, వడగాడ్పుల వంటి ఉపద్రవాలు. 2020 ఆగస్టులో ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీ, నెదర్లాండ్స్‌లలో వడగాడ్పులు వీచాయి. ఆ వారాల అదనాన్ని తీసేశారు. ఆ ఏడాదే ఆర్మేనియా, అజర్‌బైజాన్‌ల మధ్య నగోర్నో కరబాఖ్ యుద్ధం జరిగింది. చనిపోయిన సైనికుల సంఖ్యను ఆ రెండు దేశాల లెక్కలోంచి మినహాయించారు. నూటికి పైగా ఉన్న వరుసల్లో రెండు చిన్న దేశాల వరుసలివి. పట్టించుకోకపోయినా అడిగేవాళ్ళు లేరు. యుద్ధంలో పోయిన కుర్రవాణ్ణి కోవిడ్ ఖాతాలో వేయకూడదన్న పట్టింపు వాళ్ళది. నాకు ఈ పత్రం మీద నమ్మకం కుదిరింది అక్కడ.

ఈ విడదీతలోంచి వాళ్ళు లాగిన ఒక తర్కం చాలా గట్టిది. లాక్‌డౌనే జనాన్ని చంపిందని అప్పట్లో ఒక వాదన బలంగా ఉండేది. న్యూజీలాండ్‌లో కఠినమైన లాక్‌డౌన్ పెట్టారు, కోవిడ్ దాదాపు లేదు. లాక్‌డౌన్ చంపేదైతే అక్కడ చావులు పెరగాలి. పెరగలేదు, మామూలు కన్నా తగ్గాయి. ఆస్ట్రేలియాలోనూ అంతే. ఫ్లూ వంటి ఇతర అంటురోగాలు కూడా ఆగిపోయి ఉంటాయన్నది వాళ్ళ వివరణ. కాబట్టి వేరేచోట్ల కనిపించిన భారీ అదనం ప్రధానంగా రోగానిదే అయి ఉండాలి. దీన్ని మన దేశానికి యథాతథంగా తెచ్చి వేయకూడదని నా అభిప్రాయం. రాత్రికి రాత్రి ప్రకటించిన లాక్‌డౌన్‌లో వందల మైళ్ళు నడిచిన వలస కూలీలు న్యూజీలాండ్‌లో లేరు.

ఇక నిందించడం గురించి. ప్రభుత్వాలు చెప్పిన కోవిడ్ మరణాలకు, అదనపు మరణాలకు మధ్య నిష్పత్తిని వాళ్ళు దేశాలవారీగా ఇచ్చారు. చాలా దేశాల్లో రెండూ దగ్గరగా ఉన్నాయని ముందే చెప్పారు. ఆ తర్వాత నికరాగువా, రష్యా, ఉజ్బెకిస్తాన్‌ల పేర్లు రాశారు. తజికిస్తాన్‌లో తేడా నూరు రెట్ల దాకా ఉందని రాశారు. కోబాక్ స్వయంగా రష్యా మూలాలున్నవాడు. రష్యా ఎన్నికల్లో పోలింగ్ కేంద్రాల ఓట్ల శాతాలు 70, 75, 80 వంటి రౌండ్ ఫిగర్ల దగ్గర అసహజంగా గుమికూడుతున్నాయని సహచరులతో కలిసి అంతకు ముందే చూపించినవాడు. 2020 చివరికి రష్యా ప్రభుత్వ కార్యబృందం చెప్పిన కోవిడ్ మరణాలు సుమారు 57 వేలు. పైన మనం వేసుకున్న లెక్క 3.7 లక్షలు. విశేషమేమంటే ఆ 21.4 లక్షల మొత్తాన్ని ప్రకటించినదీ రష్యా గణాంక శాఖే. ఒక శాఖ తక్కువ చేసి చెబుతున్న కాలంలోనే ఇంకో శాఖ తన లెక్కను ఉన్నదున్నట్టు బయటపెడుతూ వచ్చింది.

తర్వాత 2022లో కోబాక్ ఇంకో చిన్న వ్యాసం రాశాడు. రోజువారీ కేసులు సహజంగా ఎగుడుదిగుడుగా ఉండాలి. సగటున నూరు వస్తే ఒకరోజు 88, మరోరోజు 113 అలా. కొన్ని ప్రాంతాల లెక్కలు వారాల తరబడి అసహజమైన నునుపుతో సాగాయి. ఎవరో కూర్చుని రాస్తే తప్ప అంకెలు అలా రావు. మనుషుల పేర్లు, చిరునామాలు ఏవీ అక్కరలేకుండా కేవలం అంకెల నడకతో ఈ సంగతి పట్టుకోవడం నాకు ముచ్చట వేసింది.

పేర్లు, చిరునామాలు అక్కరలేకపోవడం నైతికంగా కూడా పెద్ద విషయం. కరోనా డేటా పేరుతో జనం మీద ఎంత నిఘా జరిగిందో మరిచిపోలేం. 2020 మార్చిలో కర్ణాటకలో హోమ్ క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళ ఇంటి చిరునామాలతో జాబితాలు బయటపెట్టారు. ఆ జాబితాలు వాట్సాప్‌లో ఊరంతా తిరిగాయి. మొత్తం మరణాల పట్టికలో ఒక్క మనిషి ఆచూకీ కూడా ఉండదు. అయినా ప్రభుత్వాల పనితీరును కొలవడానికి అంతకన్నా నమ్మదగిన ఆధారం దొరకదు. పౌరుడి గోప్యతను కాపాడుతూ పాలకుణ్ణి జవాబు అడగడం కుదురుతుందని ఈ పని చూపించింది.

లోపాలు లేవని కాదు. ఐదేళ్ళ సంఖ్యలతో గీసిన వాలు ఐదేళ్ళంత నమ్మకమే ఇస్తుంది. వయసులవారీ లెక్కలు చాలా దేశాలు ఇవ్వవు కనుక ముసలి దేశాన్ని, యువ దేశాన్ని పూర్తి న్యాయంగా పోల్చే వీలు ఈ పట్టికలో లేదు. ఏ ప్రభుత్వ విధానం ఎన్ని ప్రాణాలు కాపాడిందన్నది ఇది చెప్పదు. చెబుతుందని వాళ్ళు అనలేదు కూడా.

ఆ 103లో భారతదేశం లేదు. చైనా లేదు, ఆఫ్రికాలో చాలా భాగం లేదు. మోడల్‌తో ఊహించి ఆ ఖాళీలను నింపవచ్చు. నింపినవాళ్ళున్నారు, ఆ పని అవసరం కూడా. వీళ్ళు మాత్రం లెక్క దొరకనిచోట ఖాళీగా వదిలేశారు. మన ఖాళీని నింపడానికి మన దేశంలో వేరే మనుషులు పూనుకోవలసి వచ్చింది. ఎస్. రుక్మిణి వంటి డేటా జర్నలిస్టులు రాష్ట్రాల పౌర నమోదు వ్యవస్థ నుంచి నెలనెలా మరణాల సంఖ్యలు రాబట్టారు. 2021 జూన్‌లో అలా బయటపడిన మొదటి పెద్ద సంఖ్యల్లో ఆంధ్రప్రదేశ్‌ది ఒకటి. ఆ ఏడాది మే నెల ఒక్కదానిలో నమోదైన మరణాలు సుమారు 1.3 లక్షలు. మామూలు మే నెలకు దాదాపు ఐదు రెట్లు. ఆ నెలలో ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు పోయారని మనం చెప్పుకున్న మాటకు అప్పుడు ఒక అంకె దొరికింది.

మురాద్ బనాజీ అనే గణితవేత్త, ఆశిష్ గుప్తా అనే జనాభా శాస్త్రజ్ఞుడు దేశ జనాభాలో 60 శాతం ఉన్న 12 రాష్ట్రాల సంఖ్యలను తీసుకుని లెక్కించారు. ఆ రాష్ట్రాల్లో 2020 ఏప్రిల్ నుంచి 2021 మే దాకా మరణాలు 28 శాతం పెరిగాయి. జూన్‌ను కూడా కలిపి దేశం మొత్తానికి అంచనా వేస్తే 38 లక్షలు. అది 28 లక్షల నుంచి 52 లక్షల మధ్య ఎక్కడైనా ఉండవచ్చని కూడా రాశారు. అప్పటికి ప్రభుత్వం చెబుతున్నది సుమారు 4 లక్షలు. వీళ్ళ పత్రంలో నాకు నచ్చింది, నమోదు ఎందుకు అసంపూర్తిగా ఉంటుందన్న దాని మీద వాళ్ళు పెట్టిన శ్రద్ధ. మన దగ్గర చావు నమోదు పొలం పట్టా మార్పిడితో, బీమాతో, బ్యాంకు ఖాతాతో ముడిపడి ఉంది. పేరు మీద సెంటు భూమి కూడా లేని ఆడమనిషి పోతే పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళ్ళే తొందర ఇంట్లో ఎవరికీ ఉండదు. పసిపిల్లల సంగతీ అంతే. అంటే నమోదు పుస్తకంలోంచి జారిపోయేవాళ్ళు ముందే బతుకులో అన్నిటికన్నా వెనకబడినవాళ్ళు.

ఇక్కడ పోలికలోని అన్యాయం మన ఇంటి ముందే కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ సంఖ్యలు బయటపడ్డాయి కనుక ఆ రాష్ట్రమే అందరికన్నా ఘోరంగా విఫలమైందని రాసినవాళ్ళున్నారు. సంఖ్యలు బయటికి రాని రాష్ట్రాల గురించి ఏ శీర్షికా రాలేదు. కోవిడ్‌తో పోయినవాళ్ళ కుటుంబాలకు ఇచ్చే 50 వేల రూపాయల పరిహారం కేసులో 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వివరాలు గుర్తు చేసుకోండి. తెలంగాణలో అధికారిక కోవిడ్ మరణాలు 3,993. పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు సుమారు 29 వేలు. ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు 14,471, దరఖాస్తులు సుమారు 36 వేలు. పరీక్షలో పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు పోతే పరిహారానికి అర్హత ఉంది కనుక రెండు లెక్కలూ ఒకటి కావు. అయినా అధికారిక సంఖ్యలు చూసి తెలంగాణను ఆంధ్ర కన్నా మూడు రెట్లు మెరుగని అనుకున్నవాళ్ళు, ఈ దరఖాస్తులు చూశాక ఆ మాట అనలేరు.

భారత ప్రభుత్వం ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన 47 లక్షల అంచనాను తోసిపుచ్చింది. మాకు సొంత నమోదు వ్యవస్థ ఉండగా మోడళ్ళు ఎందుకన్నది దాని వాదన. న్యాయమైన ప్రశ్నే. కానీ 2021 సంవత్సరపు పౌర నమోదు నివేదిక బయటికి వచ్చింది 2025 మేలో. 2019లో నమోదైన మరణాలు 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు, 2021లో 1.02 కోట్లు. నమోదు మెరుగవడం వల్ల కొంత పెరిగి ఉండవచ్చు. ఏడాదిలో 21 లక్షల పెరుగుదల అంతా దానివల్లేనని ఎవరూ అనలేరు. ఈ సంఖ్య నాలుగేళ్ళు ఆగి వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత వచ్చిన సంఖ్యతో ఏ ఆస్పత్రికీ ఒక్క మంచం ఎక్కువ పంపలేం.

కార్లిన్‌స్కీ, కోబాక్‌ల పట్టికకు మన వైపు నుంచి కావలసింది పెద్ద సాంకేతిక విద్య కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు జిల్లాలవారీగా నెలకు ఎన్ని మరణాలు నమోదయ్యాయో, పేర్లు లేకుండా, తర్వాతి నెలలోనే వెబ్‌సైటులో పెట్టాలి. ఆ సంఖ్యలు గ్రామ పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో ఇప్పటికే కంప్యూటర్లలోకి ఎక్కుతున్నాయి. చదివేవాళ్ళకు నా విన్నపం ఒక్కటే. ఇంట్లో ఎవరు పోయినా 21 రోజుల్లోపు నమోదు చేయించండి. ఆస్తి లేని అమ్మమ్మ అయినా, నెలల పసిబిడ్డ అయినా సరే, తప్పకుండా చేయించండి.